నేర్పబోయి నేర్చుకున్నవారు

పాఠ్యభాగ పరిచయం

కళాశాల చదువు ముగించిన యువతీ యువకులలో కొందరు వెంటనే ఉద్యోగంలో చేరక, ఒకటి రెండేళ్ళు పరాయి దేశంలో సేవ చేయటానికి వెళ్తారు. అటువంటి సేవ ఆఫ్రికా ఖండంలో ఎలా మొదలైందో, ఎక్కడ తడబడిందో, ఏ విధంగా నిలదొక్కుకుందో ఈ పాఠం తెలుపుతుంది. ఇది వ్యాస ప్రక్రియకు చెందిన పాఠ్యభాగం. పరోపకారం చేయాలంటే మంచి మనసు ఉండాలి. అయితే మంచి మనసు ఒక్కటే చాలుతుందా? పాఠం చదువుతూ ఈ ప్రశ్నను గుర్తుంచుకోండి.

పాఠం

1961 ఆగస్టు 30. పశ్చిమ ఆఫ్రికాలోని ఘానా దేశానికి రాజధాని అయిన అక్రా నగరం. విమానం నుంచి యాభై మంది వరకు యువతీ యువకులు దిగారు. అందరూ అమెరికా వాళ్ళు. ఘానా పాఠశాలల్లో ఉపాధ్యాయులుగా పనిచేయటానికి వచ్చారు. దిగగానే వరుసగా నిలబడి ఒక పాట పాడారు. అది ఘానా జాతీయ గీతం. పాడింది ఇంగ్లీషులో కాదు, అక్కడి ప్రజలు మాట్లాడే ట్వి భాషలో!

వాళ్ళ ఉచ్చారణలో తప్పులు ఉండి ఉంటాయి. కాని పరాయి దేశంలో కాలు పెట్టిన మొదటి క్షణంలోనే అక్కడి వారి మాటను నోట పలకటంలో ఒక మర్యాద ఉంది. ఆ మర్యాదను చివరిదాకా నిలుపుకోవటం ఎంత కష్టమో ఆ తరువాత కొద్ది వారాలకే తెలిసివచ్చింది.

ఆ రోజుల్లో ఆఫ్రికా ఖండం కొత్త వెలుగు చూస్తున్నది. 1957లో ఘానా స్వతంత్ర దేశమైంది. ఒక్క 1960లోనే పదిహేడు ఆఫ్రికా దేశాలు స్వాతంత్ర్యం పొందాయి. జెండాలు మారాయి. కాని పరాయి పాలకులు బడులను, ఆసుపత్రులను అవసరానికి తగినన్ని కట్టలేదు. కాంగో దేశం స్వతంత్రమైన నాటికి అక్కడి ప్రజలలో విశ్వవిద్యాలయ పట్టభద్రులు చాలా కొద్దిమందే ఉండేవారు. ఘానా ప్రభుత్వం 1961లో చట్టం చేసి పిల్లలందరికీ ప్రాథమిక విద్యను నిర్బంధం చేసింది. బడికి పిల్లలు వచ్చారు. చదువు చెప్పే ఉపాధ్యాయులు చాలలేదు. ముఖ్యంగా ఉన్నత పాఠశాలల్లో గణితం, విజ్ఞానశాస్త్రం బోధించేవారి కొరత తీవ్రంగా ఉండేది.

ఇదే కాలంలో సంపన్న దేశాల యువతలో ఒక ఆలోచన మొలకెత్తింది. బ్రిటన్‌లో అలెక్ డిక్సన్ అనే ఆయన భార్య మోరాతో కలిసి 1958లో ఒక స్వచ్ఛంద సేవాసంస్థను ప్రారంభించాడు. పాఠశాల చదువు పూర్తయిన పద్ధెనిమిదేళ్ళ కుర్రవాళ్ళను సేవకోసం దూరదేశాలకు పంపటం దాని పని. వారికి తిండి, బస, చేతిఖర్చుకు కొద్దిపాటి డబ్బు తప్ప జీతం ఉండేది కాదు. అదే కాలంలో అమెరికాలోని నల్లజాతి మతాచార్యుడు జేమ్స్ రాబిన్సన్ ‘ఆపరేషన్ క్రాస్‌రోడ్స్ ఆఫ్రికా’ అనే సంస్థను స్థాపించి, విద్యార్థులను ఆఫ్రికా గ్రామాలకు తీసుకొని వెళ్ళాడు. నల్లవారూ తెల్లవారూ అయిన విద్యార్థులు ఆఫ్రికా యువకులతో భుజం భుజం కలిపి బడులు కట్టారు. రోడ్లు వేశారు.

1960 అక్టోబరు 14న అమెరికాలో మరొక సంఘటన జరిగింది. అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న జాన్ కెనడీ అర్ధరాత్రి దాటిన తరువాత రెండు గంటలకు మిషిగన్ విశ్వవిద్యాలయానికి చేరుకున్నాడు. ఆ వేళప్పుడు కూడా వేలాది విద్యార్థులు అతనికోసం కాచుకొని ఉన్నారు. మీలో వైద్యులు కాబోయేవారు ఎందరు ఘానాలో పనిచేయటానికి సిద్ధంగా ఉన్నారని అతడు వారిని అడిగాడు. ఆ ప్రసంగం కొద్ది నిమిషాల్లో ముగిసింది. కాని విద్యార్థులు ఆ ప్రశ్నను వదలలేదు. మేము సిద్ధమంటూ విజ్ఞప్తి పత్రం తయారుచేసి సంతకాలు సేకరించారు. కెనడీ అధ్యక్షుడైన తరువాత 1961 మార్చి 1న ‘పీస్ కోర్’ అనే శాంతిదళాన్ని ఏర్పాటు చేశాడు. అక్రాలో దిగిన బృందం ఆ దళంవారిదే.

శాంతిదళంలో చేరినవారు సుమారు మూడు నెలలు శిక్షణ పొంది, రెండేళ్ళు పనిచేయాలి. శిక్షణలో ముఖ్యమైన భాగం ఆ దేశపు భాష. చేతికి వచ్చేది పెద్ద జీతం కాదు. ఆ ఊరివారి మాదిరిగా బ్రతకటానికి సరిపడే భత్యం మాత్రమే. ఊరివారు తినేది తినాలి. వాళ్ళు ఎక్కే బస్సు ఎక్కాలి. ఈ దళంవారు 1961 నుంచి 1976 వరకు భారతదేశంలో కూడా పనిచేశారు. ఆంధ్రప్రదేశ్‌కు వచ్చినవారు తెలుగు నేర్చుకున్నారు.

ఘానాలో మొదటి బృందం దిగిన ఆరు వారాలకు, అంటే 1961 అక్టోబరులో, పశ్చిమ ఆఫ్రికాలోనే ఉన్న నైజీరియాలో ఒక చిక్కు వచ్చిపడింది. అక్కడి ఇబాదాన్ నగరంలోని విశ్వవిద్యాలయ కళాశాలలో శాంతిదళంవారికి శిక్షణ జరుగుతున్నది. వారిలో ఒక యువతి అమెరికాలోని స్నేహితునికి పోస్టుకార్డు వ్రాసింది. ఇక్కడి జీవితం చాలా వెనుకబడి ఉన్నదని, ప్రజలు వండుకోవటం, అమ్ముకోవటం అన్నీ వీధిలోనే చేస్తారని అందులో వ్రాసింది. ఆ కార్డు తపాలా పెట్టెకు చేరకుండానే ఎక్కడో జారిపడింది. అది ఒక నైజీరియా విద్యార్థి కంటబడింది.

కొన్ని గంటల్లో ఆ కార్డుకు నకళ్ళు తయారై కళాశాల అంతటా పాకాయి. విద్యార్థులు సభ జరిపి తీవ్రంగా నిరసించారు. సేవ పేరుతో వచ్చి మమ్మల్ని కించపరుస్తారా అని మండిపడ్డారు. ఆ యువతి క్షమాపణ చెప్పుకున్నది. చివరకు దేశం విడిచి వెళ్ళింది. ఆ వార్త రెండు ఖండాల పత్రికల్లోనూ వచ్చింది. పుట్టి ఏడాది కూడా నిండని శాంతిదళం ఇక మూతపడుతుందేమోనని చాలామంది భయపడ్డారు.

ఆమె మనసులో ద్వేషం ఉందని చెప్పలేము. కొత్తచోటు చూసినప్పుడు కలిగిన విస్మయాన్ని స్నేహితునితో పంచుకున్నది, అంతే. కాని ఆ వీధి ఎవరిదో వారికి అది విస్మయం కాదు, ఇల్లు. నైజీరియా స్వతంత్రమై అప్పటికి ఒక్క ఏడాదే గడిచింది. ఎన్నో ఏళ్ళుగా ‘మీరు వెనుకబడినవారు’ అని పరాయి పాలకులు అంటూ ఉండగా విన్న చెవులవి. అదే మాట సేవకు వచ్చినవారి చేతిరాతలో కనబడితే పుండుమీద కారం చల్లినట్లయింది. మన ఇంటికి వచ్చిన చుట్టం మన ఇంటి గోడలను, గిన్నెలను చూసి మరొకరికి వ్రాసిన ఉత్తరం మన చేతికే చిక్కితే మనకు ఎలా ఉంటుంది?

మిగిలిన సేవకులు మాత్రం వెనుదిరగలేదు. నైజీరియాలోనే ఉండి, తమకు అప్పగించిన పనిలో చేరారు. పోయిన నమ్మకం మాటలతో తిరిగి రాదు. రోజూ బడికి వేళకు వెళ్ళటం, పిల్లల పేర్లు సరిగా పలకటం, పొరుగువారి ఇంట శుభానికీ అశుభానికీ కనబడటం వంటి చిన్న పనులే దానిని మెల్లగా తిరిగి తెస్తాయి. శాంతిదళం నైజీరియాలో కొనసాగింది.

సేవకు వెళ్ళినవారు ముందుగా ఏం నేర్చుకోవాలో చెప్పటానికి మరొక ఉదాహరణ ఉంది. అది ఒక వ్యాధికి సంబంధించినది. దానిని తెలుగువారు నారికురుపు అంటారు. వ్యాధి క్రిములు చెరువుల్లో, గుంటల్లో ఉండే అతి చిన్న నీటిపురుగుల్లో చేరతాయి. ఆ నీళ్ళు వడకట్టకుండా తాగితే క్రిమి కడుపులోకి వెళ్తుంది. ఏ నొప్పీ తెలియకుండా ఏడాది గడుస్తుంది. ఆ తరువాత కాలిమీద మంటపుట్టించే బొబ్బ లేచి, అది పగిలి, దారంవంటి పురుగు బయటికి వస్తుంది. దాని పొడవు మూడడుగుల దాకా ఉంటుంది. ఒక్కసారిగా లాగితే తెగిపోతుంది. అందువల్ల చిన్న పుల్లకు చుట్టి, రోజుకు కొద్దికొద్దిగా బయటికి తీయాలి. దీనికి వారాలు పడుతుంది. మంట భరించలేక రోగి కాలు నీళ్ళలో పెడితే, పురుగు వేలాది పిల్లలను ఆ నీళ్ళలోకి వదులుతుంది. మళ్ళీ కథ మొదటికి వస్తుంది. సరిగ్గా పంట పనుల వేళకే రైతు మంచం పట్టేవాడు. పిల్లలు బడి మానేవారు. ఈ వ్యాధికి మందు లేదు, టీకా లేదు.

1986లో ప్రపంచం మొత్తం మీద సుమారు 35 లక్షల మంది ఈ వ్యాధితో బాధపడేవారని అంచనా. 1989లో ఒక్క ఘానాలోనే దాదాపు 1,80,000 మందికి ఇది సోకినట్లు లెక్క తేలింది. నివారణ మాత్రం చాలా సులభం. నీటిని సన్నని నేత గుడ్డతో వడకట్టి తాగాలి. పురుగు బయటికి వస్తున్నవారు చెరువులో దిగకూడదు. అవసరమైతే నీటిపురుగులను చంపే మందు చెరువులో కలపాలి. ఇంత సులభమైన మాటను ఊరివారి చేత ఒప్పించటమే అన్నిటికన్న కష్టమైంది.

కొన్ని ఊళ్ళలో చెరువు పవిత్రమైనది. అందులో మందు కలపటానికి పెద్దలు ఒప్పుకోలేదు. తరతరాలుగా తాగుతున్న నీరే తమను బాధపెడుతున్నదంటే చాలామంది నమ్మలేదు. నిన్న వచ్చిన పరాయి యువకుడు చెవినిల్లు కట్టుకొని చెప్పినా లాభం లేకపోయింది. అప్పుడు దారి మార్చవలసి వచ్చింది. ముందుగా ఊరిపెద్దను కలిసి అనుమతి తీసుకోవాలి. చెరువు నీటిని గాజుపాత్రలో తీసి, వెలుతురుకు ఎత్తిపట్టి, అందులో కదిలే నలకలను ఊరివారి కళ్ళకే చూపించాలి. అన్నిటికంటే ముఖ్యంగా, చెప్పేవారు ఆ ఊరివారే అయి ఉండాలి. ఘానాలో రెడ్‌క్రాస్ మహిళా సంఘాలవారు ఇంటింటికీ తిరిగి తోటి ఆడవాళ్ళకు వడపోత గుడ్డ వాడే పద్ధతిని అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్లు చెప్పారు. ప్రతి ఊరిలోనూ ఒక గ్రామసేవకుడు రోగుల లెక్క వ్రాశాడు. శాంతిదళం యువకులు వారి వెంట నడిచారు. లెక్కలు చేర్చటంలో, గుడ్డలు పంచటంలో, శిక్షణ ఇవ్వటంలో తోడుపడ్డారు. ముందుండి నడిపినవారు ఊరివారు. చేయూతనిచ్చినవారు పట్టభద్రులు.

2010 తరువాత ఘానాలో ఈ వ్యాధి ఎవరికీ రాలేదు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘానాను నారికురుపు లేని దేశంగా ధ్రువీకరించింది. 2024లో ప్రపంచం మొత్తం మీద 15 మందికి మాత్రమే ఈ వ్యాధి సోకింది. కుక్కలవంటి జంతువుల్లో ఇంకా మిగిలి ఉన్నందువల్ల ఇది పూర్తిగా అంతరించలేదు.

ఈ కథ భారతదేశానికి కొత్తది కాదు. ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర, రాజస్థాన్ మొదలైన రాష్ట్రాల పల్లెల్లో దిగుడుబావుల నీటివల్ల నారికురుపు వ్యాపించేది. దిగుడుబావులను మామూలు బావులుగా మార్చి, చేతిపంపులు వేసి, ఇంటింటా నీరు వడకట్టించి ఈ వ్యాధిని తరిమివేశారు. దేశంలో చివరి రోగి 1996లో కనబడ్డాడు. 2000లో భారతదేశం ఈ వ్యాధి లేని దేశమైంది. ఇంట్లో తాతలను, అవ్వలను అడిగితే నారికురుపు పేరు చెప్పగలవారు నేటికీ ఉండవచ్చు.

ఆఫ్రికా ప్రజలు సేవను అందుకోవటంతోనే ఆగిపోలేదు. తాము కూడా సేవకులయ్యారు. నైజీరియాలో 1967 నుంచి 1970 వరకు అంతర్యుద్ధం జరిగింది. తెగల మధ్య వైరం దేశాన్ని చీల్చింది. ఆ గాయాన్ని మాన్పటానికి దేశాధినేత యాకూబు గోవాన్ 1973లో జాతీయ యువజన సేవాదళాన్ని స్థాపించాడు. దాని ప్రకారం పట్టభద్రులు ఒక సంవత్సరం పాటు తమ రాష్ట్రంలో కాక మరొక రాష్ట్రంలో సేవ చేయాలి. ఉత్తరాది యువకుడు దక్షిణాదికి, దక్షిణాది యువతి ఉత్తరాదికి వెళ్తారు. మరొకరి భాష వింటారు. మరొకరి వంట తింటారు. చాలా ఏళ్ళ తరువాత అదే గోవాన్ ఊరూరూ తిరిగి నారికురుపు నిర్మూలనకు ప్రచారం చేశాడు. 2013లో నైజీరియా కూడా ఆ వ్యాధి నుంచి బయటపడిన దేశంగా ధ్రువీకరణ పొందింది.

1987లో నైజీరియా మరొక అడుగు ముందుకు వేసింది. తన దేశపు వైద్యులను, ఉపాధ్యాయులను, ఇంజనీర్లను ఇతర ఆఫ్రికా దేశాలకు, కరీబియన్ దీవులకు పంపే సాంకేతిక సహాయదళాన్ని నెలకొల్పింది. ఒకనాడు పరాయి ఉపాధ్యాయుల కోసం ఎదురుచూసిన దేశం పాతికేళ్ళు తిరిగేసరికి తానే ఉపాధ్యాయులను పంపింది! 1970లో ఐక్యరాజ్యసమితి స్థాపించిన స్వచ్ఛంద సేవకుల విభాగంలో కూడా పేద దేశాలవారు ఇతర పేద దేశాల్లో పనిచేస్తున్నారు. ఆఫ్రికా దేశాల సమాఖ్య 2010లో తన సొంత యువజన స్వచ్ఛంద దళాన్ని ఏర్పాటు చేసింది.

2009లో మొదలైన గ్లోబల్ హెల్త్ కోర్ అనే సంస్థ మరొక పద్ధతిని అనుసరించింది. ఆరోగ్యరంగంలో పనిచేయటానికి పంపే యువతను జంటలుగా ఏర్పరచింది. జంటలో ఒకరు ఆ దేశంవారు. మరొకరు పరాయి దేశంవారు. ఇద్దరూ ఒకే కార్యాలయంలో ఏడాది పాటు పనిచేయాలి. రువాండా, మలావి, ఉగాండా, జాంబియా మొదలైన దేశాల్లో ఇలా పనిచేశారు. ఒకరికి తెలియనిది రెండవవారు చెప్పాలి. ఇబాదాన్‌లో జారిపడిన పోస్టుకార్డు నేర్పిన పాఠం ఇక్కడ పద్ధతిగా మారినట్లు తోస్తుంది.

ఇటువంటి సేవ మీద విమర్శలు కూడా ఉన్నాయి. భాష వంటబట్టేసరికి తిరిగి వెళ్ళే రోజు వస్తుందని కొందరి అభిప్రాయం. పని తెలియని కుర్రవాళ్ళు వచ్చి తాము నేర్చుకుంటారే తప్ప ఊరికి ఏమి మేలు చేస్తారని మరికొందరి ప్రశ్న. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. బ్రిటన్ సంస్థ 1962లోనే పట్టభద్రులను పంపే పద్ధతిని మొదలుపెట్టింది. కొవిడ్ వ్యాధి వ్యాపించిన 2020 మార్చిలో శాంతిదళం తన సేవకులందరినీ అన్ని దేశాల నుంచి ఒకేసారి వెనక్కు పిలిపించింది. 1961 నుంచి అటువంటిది ఎన్నడూ జరగలేదు. సుమారు ఏడువేల మంది, చేస్తున్న పని చేస్తున్నట్లే వదిలి ఇళ్ళకు వెళ్ళారు. రెండేళ్ళ తరువాత, 2022 మార్చిలో గాని మొదటి బృందాలు మళ్ళీ బయలుదేరలేదు. వాటిలో ఒకటి చేరింది ఆఫ్రికాలోని జాంబియాకే.

సేవకుడు వెళ్ళిపోయిన మరునాడు ఊరిలో ఏమి మిగులుతుంది? అతడు ఒక్కడే చేసిన పని అతనితోనే పోతుంది. ఊరివారితో కలిసి చేసిన పని ఊరిలో ఉంటుంది. ఘానా పల్లెల్లో నీటికుండ మూతికి గుడ్డ కట్టిన తల్లి చేతులు, లెక్క వ్రాసిన గ్రామసేవకుని పుస్తకం, ఆ ఊరి బడిలో చదివి తానే ఉపాధ్యాయుడైన విద్యార్థి — సేవకు నిజమైన కొలమానాలు ఇవే.

సేవకు వెళ్ళటానికి సముద్రాలు దాటనక్కరలేదు. ఇంట్లో ఒక భాష, వీధిలో మరొక భాష మాట్లాడే పిల్లలకు ఈ విద్యలో సగం పుట్టుకతోనే అబ్బుతుంది. పొరుగువారి మాటను గౌరవంతో వినటం, తెలియనప్పుడు అడగటం, తప్పు పలికితే సిగ్గుపడక దిద్దుకోవటం వారికి నిత్యం జరిగే పనులే. అక్రా విమానాశ్రయంలో పరాయి భాషలో పాడిన ఆ యువకులు తొలిరోజు చేసింది కూడా అదే.

అర్థాలు

పరోపకారం = ఇతరులకు మేలు చేయటం
పట్టభద్రులు = కళాశాల చదువు పూర్తిచేసి పట్టం పొందినవారు
నిర్బంధం = తప్పనిసరి
భత్యం = ఖర్చుల కోసం ఇచ్చే సొమ్ము
విస్మయం = ఆశ్చర్యం
నకలు = ఉన్నది ఉన్నట్లుగా తీసిన ప్రతి
నిర్మూలన = వేళ్ళతో సహా తొలగించటం
కొలమానం = కొలిచే సాధనం

అభ్యాసం

అ) క్రింది ప్రశ్నలకు ఒకటి రెండు వాక్యాలలో సమాధానాలు వ్రాయండి.
1. అక్రాలో దిగిన యువతీ యువకులు మొదట ఏమి చేశారు?
2. 1961లో ఘానాకు ఉపాధ్యాయుల అవసరం ఎందుకు పెరిగింది?
3. నారికురుపు సోకినవారు చెరువులో ఎందుకు దిగకూడదు?
4. నైజీరియా జాతీయ యువజన సేవాదళంలో చేరినవారు ఎక్కడ పనిచేయాలి?

ఆ) క్రింది ప్రశ్నలకు పదేసి వాక్యాలలో సమాధానాలు వ్రాయండి.
1. ఇబాదాన్‌లో విద్యార్థులకు కోపం ఎందుకు వచ్చింది? ఆ కోపం న్యాయమైనదేనా? మీ అభిప్రాయం తెలపండి.
2. నారికురుపు నిర్మూలనలో ఊరివారి పాత్రను, సేవకుల పాత్రను వివరించండి.
3. ‘నేర్పబోయి నేర్చుకున్నవారు’ అనే పేరు ఈ పాఠానికి తగినదేనా? చర్చించండి.

ఇ) క్రింది జాతీయాలను సొంతవాక్యాలలో ప్రయోగించండి.
1. పుండుమీద కారం చల్లు
2. చెవినిల్లు కట్టుకొని చెప్పు
3. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టు

ఈ) వ్యాకరణం
సంధులు గమనించండి.
పర + ఉపకారం = పరోపకారం (గుణసంధి)
విద్యా + అర్థి = విద్యార్థి (సవర్ణదీర్ఘ సంధి)
ఇటువంటి పదాలను పాఠం నుంచి మరి రెండు వెతికి విడదీయండి.

ఉ) భాషాకార్యం
1. మీ ఊరిలో ఎక్కువమంది మాట్లాడే భాషలో పలకరింపు మాటలు ఐదు, వాటికి సరియైన తెలుగు మాటలు ఐదు వ్రాసి తరగతిలో చదవండి.
2. మొదటిసారి మీ ఊరికి వచ్చిన ఒక యువకుడు తన స్నేహితునికి ఉత్తరం వ్రాశాడనుకోండి. మీ ఊరివారు చదివినా నొచ్చుకోని విధంగా, నిజం దాచకుండా, ఆ ఉత్తరాన్ని వ్రాయండి.